ఓదెలు చుట్టిన చెత్త ట్రాన్స్‌ఫార్మర్

31వ ఏడు, 96వ రోజు

రెండో నంబరు ఫ్యానుకి గ్రీజు పెట్టాను. పంపు పదకొండు గంటలు నడిచింది. వివరణ:

ఈ యంత్రాల రిజిస్టరులో చివర 'వివరణ' అని ఒక గడి ఉంది. మేం పైనుంచి ఈ గనిలోకి దిగి బతుకుతున్న ముప్పై ఒక్క ఏళ్ళలో నాకంటే ముందు ఈ పుస్తకం రాసినవాళ్ళంతా ఆ గడిలో 'ఏమీ లేదు' అని రాసి చేతులు దులుపుకున్నారు. నాకు ఉంది. గడి చాలకపోతే పక్క పేజీ, అదీ చాలకపోతే దాని పక్క పేజీ వాడుకుంటాను. నా తర్వాత చదివేవాడికి ఇబ్బందైతే మూసి పెట్టుకోవచ్చు.

వానలప్పుడు పైకి వెళ్ళి పాత సామాను ఏరుకొచ్చే వానల గుంపు ఇవాళ దిగింది. పైన మనిషి చర్మం కాలకుండా నిలిచేది ఏడాదిలో ఆ నాలుగు వానల వారాలే. ప్రతిసారీ తుప్పుపట్టిన గిన్నెలూ పనికిరాని తాళాలూ తెచ్చే గుంపు ఈసారి ఒక కూలిన సినిమా హాల్లోంచి రెండు ట్రాన్స్‌ఫార్మర్లు, గడ్డిలో చుట్టిన ఒక డబ్బా ట్యూబులు తెచ్చింది. ట్రాన్స్‌ఫార్మరు ఒక్కోటి ఏడు కిలోలు. రేకుకీ రేకుకీ మధ్య వెంట్రుక దూరదు. తీగ చుట్టు మీద చుట్టు దువ్వినట్టు పడుకుని ఉంది. ఎవరో పని తెలిసినవాళ్ళు చుట్టారు. అలాంటి పని నా కంటపడి ముప్పై ఏళ్ళయింది.

ఇక వినికిడి గదిలో ఓదెలు కట్టిన ఆంప్లిఫయరుని పీకి అవతల పారేస్తాను. ఇరవై రెండేళ్ళు ఓర్చుకున్నాను.

97వ రోజు

వినికిడి గదిలో కొలతలు తీసుకున్నాను. గోడ మీద అక్షరాలు మసిబారితే సున్నంతో మళ్ళీ దిద్దాను. అవి నా అక్షరాలే: 'కప్పుకీ చెవికీ మధ్య ఆలోచించేది ఏదీ ఉండకూడదు.'

గనిలోకి దిగిన తొమ్మిదో ఏట రాశాను. అప్పట్లో మేముండే గ్యాలరీల, అంటే గని సొరంగాల, కప్పుని ఒక పెట్టె వినేది. తెలివైన పెట్టె. ఏది రాయి చప్పుడో ఏది ఫ్యాను చప్పుడో తనే తేల్చుకుని, అక్కర్లేదనుకున్నది చెరిపేసి, పచ్చదీపం వెలిగించేది. ఏడో గ్యాలరీ కప్పు పద్నాలుగు గంటలపాటు విరుగుతూ ఉంటే దాన్ని ఫ్యాను చప్పుడు కింద జమకట్టి చెరిపేసింది. నలభై ఒక్క మంది పోయారు. అందులో నా భార్య కౌసల్య ఒకతె. తవ్వి తీసినప్పుడు ఆమె చేతిలో పుట్టగొడుగుల బుట్ట ఇంకా అలాగే ఉంది. నేను వినికిడి గదికి వచ్చేసరికి పచ్చదీపం వెలుగుతూనే ఉంది. గడ్డపారతో ఆ పెట్టెని పగలగొట్టింది నేనే.

తర్వాత మనుషులే వినాలని, మధ్యలో ట్యూబులు తప్ప ఏమీ ఉండొద్దని తీర్మానించాం. ట్యూబు ఆలోచించదు. వచ్చినదాన్ని పెద్దది చేసి పంపుతుంది, అంతే. పైన పాలిటెక్నిక్‌లో ఇరవై ఏళ్ళు అదే పాఠం చెప్పినవాణ్ణి కాబట్టి డిజైను నాకు అప్పజెప్పారు. ముప్పై నాలుగు కాగితాల లెక్క కట్టాను. రెండు నెలలు పట్టింది. ఈలోగా పెళ్ళిళ్ళకి మైకుసెట్లు కిరాయికిచ్చుకునే ఓదెలు అనేవాడు తన పాత సెట్లు విప్పి, తొమ్మిది రోజుల్లో ఏదో ఒకటి కట్టి గదిలో పెట్టేశాడు. నేను కాగితాలు తీసుకుని సభకి వెళ్తే లేచి నిలబడి, "సారు కాయితం అడ్డం వెడితే కప్పు ఆగుతదా?" అన్నాడు.

అందరూ నవ్వారు. కౌసల్య పోయి మూడు నెలలు కాలేదు. నవ్వారు.

దాన్ని ఇక్కడ ఎక్కిస్తున్నాను, ఎందుకంటే ఇంకెక్కడా ఎవరూ ఎక్కించలేదు. నేను చదివిన చరిత్రలన్నీ గెలిచినవాడి గురించే. ఓడినవాడు సొంతంగా ఒక రిజిస్టరు పెట్టుకోవాలి.

99వ రోజు

పాతది విప్పాను. ఇంత చెత్త నా జన్మలో చూడలేదు. ఆఖరి ట్రాన్స్‌ఫార్మరులో ఉండాల్సిన రేకుల్లో సగం లేవు, ఖాళీలో చెక్కముక్క దోపాడు. కరెంటు ట్రాన్స్‌ఫార్మరు పక్కనే దాన్ని బిగించాడు, కాబట్టి ఇరవై రెండేళ్ళుగా చెవి గొట్టాల్లో గుయ్యిమని ఒకటే మోత. ఇక డ్రైవరు ట్యూబు, అంటే ఆఖరున ఉన్న పెద్ద ట్యూబుని నడిపించే చిన్నది, గోటితో తడితే గుడిగంటలా మోగుతోంది. అలాంటిదాన్ని నా దగ్గర చదివే పిల్లలు చెత్తబుట్టలో వేసేవాళ్ళు.

కొత్తది నా ముప్పై నాలుగు కాగితాల ప్రకారం కట్టాను. సినిమా హాలు ట్రాన్స్‌ఫార్మరు, డబ్బాలోంచి ఏరిన నిశ్శబ్దమైన డ్రైవరు, మోతని వడకట్టే పెద్ద కండెన్సర్లు రెండు. కరెంటు ట్రాన్స్‌ఫార్మరుని రెండడుగుల దూరం జరిపి అడ్డంగా తిప్పాను. స్విచ్ వేసి గొట్టాలు చెవికి పెట్టుకుంటే ఏమీ లేదు. మోత లేదు, బుస లేదు. శుభ్రమైన చీకటిలాంటి నిశ్శబ్దం. దాంట్లోంచి మూడో గ్యాలరీలో ఎవరో గోడ పక్క నడిచిన చప్పుడు, అడుగు తర్వాత అడుగు, లెక్కపెట్టుకునేంత స్పష్టంగా వినిపించింది.

ఓదెలు ట్రాన్స్‌ఫార్మరు మళ్ళీ ఎవరూ పెట్టకుండా తీగ మొత్తం విప్పి ఫ్యాను మోటారుకి చుట్టించాను. రేకులు వంటశాలకిచ్చాను, పుట్టగొడుగుల మళ్ళు గీకడానికి పనికొస్తాయి. గంటలా మోగే ఆ ట్యూబుని చెప్పు కింద పెట్టి నలిపాను. ఈ మాట రాస్తుంటే సిగ్గేమీ వేయడం లేదు.

100వ రోజు

మొదటి షిఫ్టులో మదునవ్వ, ఇంకో ఐదుగురు ఆడవాళ్ళు విన్నారు. మదునవ్వ మొదటి నుంచీ వినికిడి గది పెద్ద. తలకి గొట్టాలు పెట్టుకుని, చేతిలో మీట తిప్పుతూ ఒక్కో గ్యాలరీ కప్పులో దిగ్గొట్టిన మేకుల్ని ఒక్కోటే వింటారు. రాయి కదిలితే మేకు కదులుతుంది, మేకు చివరి తీగచుట్టలో కరెంటు పుడుతుంది, నా యంత్రం దాన్ని పెంచుతుంది. షిఫ్టు చివర 'కప్పు నెమ్మది' అని సంతకం చేస్తారు.

వీళ్ళకో అలవాటు ఉంది. పని మొదలుపెట్టే ముందు కళ్ళు మూసుకుని, యంత్రం మోతతో పాటు ముక్కుతో సన్నగా రాగం తీస్తారు. ఆరుగురూ ఒకే శ్రుతిలోకి వచ్చాక గానీ మీట తిప్పరు. దాన్ని లాలి కట్టడం అంటారు. ఏదో మొక్కుబడి అనుకుని నేనెప్పుడూ అడ్డుచెప్పలేదు.

ఇవాళ మదునవ్వ గొట్టాలు తీసి నా వైపు చూసింది.

"సారూ, లాలి లేదు."

"లేదు. తీసేసిన."

"ఎందుకు తీసిండ్రు?"

"అది రోగం మదునా. యంత్రానికి రోగం. ఇరవై రెండేండ్లు మీ చెవుల్ల ఆ మోత పోసిండు వాడు. ఇప్పుడు రాయి ఒక్కటే ఇనవడ్తది."

"రాయి ఇనవడుడు కాదు సారూ. మేము లాలి మీదనే..."

"నీ అలవాటు కోసం యంత్రం చెడగొట్టాల్నా?" అన్నాను. ఆమె నోరు మూసుకుంది. ఎదుటివాళ్ళ నోరు మూయించడంలో ఇంత హాయి ఉందని చాలాకాలం తర్వాత గుర్తొచ్చింది.

103వ రోజు

మదునవ్వ సర్దారుకి ఫిర్యాదు చేసింది. సర్దారు అంటే మేం మూడేళ్ళకోసారి ఎన్నుకునే పెద్ద. ఇప్పుడు పోశం అనేవాడు. మెత్తని మనిషి, ఎవరు చివర మాట్లాడితే వాళ్ళ మాట నిజమనుకుంటాడు. అందరి ముందు పరీక్ష పెడదామన్నాను. ఒకణ్ణి ఎనిమిదో గ్యాలరీ చివరకి పంపి, కప్పు మీద శనగగింజంత రాయి విసరమన్నాను. గొట్టాలు పోశం చెవికి పెట్టాను.

"అబ్బా!" అని గొట్టాలు లాగేసుకున్నాడు. "తుపాకి లెక్క వడ్డది గదా సారూ!"

చప్పట్లు కొట్టారు. ఓదెలు కూడా వెనక నిలబడి కొట్టాడు, ముసలివాడి చేతులు కదా, చప్పుడు రాలేదు. మదునవ్వ మాత్రం, "రాయి వడ్డంక ఇని ఏం జేస్తం?" అంది. ఎవరూ పట్టించుకోలేదు. అందరికంటే ముందు నేను పట్టించుకోలేదు.

108వ రోజు

పంపు వాషరు మార్చాను.

భోజనశాలలో వెనక బల్ల మీద ఓదెలు గొంతు. వాడుండేది ఐదో గ్యాలరీలో. పైనుంచి దిగేటప్పుడు వాడు తన ఇంటి టేకు తలుపు వీపున వేసుకుని దిగాడు, మేం పుస్తకాలు తెచ్చుకున్నట్టు. ఆ తలుపు ఇప్పుడు మూసుకోవడం లేదట.

"మొన్నటిదాక మెత్తగ వడేది. ఇయ్యాల భుజం వెట్టి నూకినా వడ్తలేదు," అంటున్నాడు.

"నువ్వు బలిసినవ్ మామా, తలుపు గాదు," అన్నారెవరో. బల్లంతా నవ్వులు.

ట్రాన్స్‌ఫార్మరు చుట్టడం రాదు, తలుపు బిగించడమూ రాదు.

112వ రోజు

ఐదో గ్యాలరీలో మరో నాలుగు తలుపులు పట్టేస్తున్నాయి. చెమ్మకి చెక్క ఉబ్బిందని పోశం అన్నాడు. అయ్యుండొచ్చు.

ఇవాళ వినికిడి గదిలో ఆడవాళ్ళు సంతకం పెట్టం అన్నారు. ఆరుగురూ గొట్టాలు బల్ల మీద పెట్టి చేతులు కట్టుకుని కూర్చున్నారు. పోశం నన్ను పిలిపించాడు.

"మీకేమన్న ఇనవడ్డదా?" అని అడిగాను.

"లేదు," అంది మదునవ్వ.

"ఇనవడలేదంటే కప్పు నెమ్మదే గదా. పెట్టు సంతకం."

"ఇనవడకపోవుడు వేరు, నెమ్మదుండుడు వేరు సారూ. ఏడో గ్యాలరీ నాడు గూడ పెట్టెకు ఏం ఇనవడలే."

ఆ గదిలో, ఆ గోడ ముందు, నాతో ఆ మాట అంది. చెయ్యెత్తబోయానని ఇక్కడ రాస్తున్నాను. ఎత్తలేదు. "పెట్టెకీ నా యంత్రానికీ పోలికా?" అని అరిచాను. నా గొంతు అంత వికారంగా ఉంటుందని తెలియదు. రేపు సూది మీటరు తగిలించి, ఏమీ లేదని కంటికి చూపిస్తాను. చెవిని నమ్మనివాళ్ళు కంటినైనా నమ్మాలి.

113వ రోజు, మొదటి షిఫ్టు

సూది మీటరు తగిలించాను. చెవి గొట్టాలు నేనే పెట్టుకున్నాను. పూర్తి నిశ్శబ్దం.

సూది ఊగుతోంది.

సన్నగా, సెకనుకి నాలుగైదుసార్లు, రొప్పుతున్న కుక్క పొట్టలాగా అటూ ఇటూ. మీట తిప్పితే ప్రతి గ్యాలరీలోనూ ఎంతో కొంత ఊగుతోంది. చెవిలో మాత్రం ఏమీ లేదు.

రెండు నిమిషాలు పట్టింది నాకు, ఇరవై ఏళ్ళు పాఠం చెప్పినవాడికి. సెకనుకి ఇరవైసార్లైనా ఊగని కదలిక మనిషి చెవికి వినపడదు. నా మంచి ట్రాన్స్‌ఫార్మరు దాన్ని ఏ వంకరా లేకుండా మోసుకొచ్చి, వినలేని చెవికి అందిస్తోంది. ఓదెలు చెత్త ట్రాన్స్‌ఫార్మరు, సగం రేకులతో, ఆ కదలికనీ మోతనీ కలిపి మోయలేక చతికిలబడేది. చతికిలబడినప్పుడల్లా మోత వణికేది. వాళ్ళు విన్నది ఆ వణుకుని. లాలి వణికితే కప్పు కదులుతోందని అర్థం. ఇరవై రెండేళ్ళు ఆరుగురు ఆడవాళ్ళు నా ముక్కు కింద ఆ పని చేస్తుంటే నేను మొక్కుబడి అనుకున్నాను.

అక్కర్లేని చప్పుడని చెరిపేశాను. పెట్టె చేసిందీ అదే.

పోశంని పిలిచి సూది చూపించాను. వాడు నా మొహం చూసి భయపడ్డాడు.

"ఎంత ఊగితే ప్రమాదం సారూ?"

"తెలియదు."

"ఏ గ్యాలరీ?"

"అన్నీ ఊగుతున్నయి. ఫ్యాను నడిచినా ఊగుతది, తోపుడుబండి పోయినా ఊగుతది."

"మరి ఎవరిని లేపాలె? ఒక్క గ్యాలరీ మందిని వేరేచోట వెడితేనే ఉన్న గాలి కటాకటి. తప్పు గ్యాలరీ లేపితే మల్లా లేపుటానికి గాలుండది. ఒక్క మాట చెప్పుండ్రి సారూ, గంతే."

నా గదిలో నూట అరవై పుస్తకాలు ఉన్నాయి. ఆ ఒక్క మాట వాటిలో లేదు, నా దగ్గరా లేదు.

"ఐదో గ్యాలరీల తలుపులు పట్టేస్తున్నయి, కప్పు కుంగుతున్నదేమో..." అన్నాను.

"ఒకటో దాంట్ల గూడ రెండు పట్టినయి సారూ, పొద్దుగాల. రెండు గ్యాలరీలు లేపుదామా? అంత గాలి లేదు."

మదునవ్వని అడిగాడు. "లాలి ఉంటె చెప్పుదును," అంది. ఆమె నా వైపు చూడలేదు. చూసి తిట్టినా బాగుండేది.

113వ రోజు, రెండో షిఫ్టు

ఓదెలు దగ్గరికి వెళ్ళాను. ఇరవై రెండేళ్ళలో వాడి గుమ్మం తొక్కడం ఇదే. తలుపు తెరిచే ఉంది, మూసుకోదు కదా. చుట్ట వెలిగించకుండా నోట్లో పెట్టుకుని కూర్చున్నాడు. గనిలో నిప్పు నిషేధం, అయినా వాడి నోట్లో చుట్ట ఉండాల్సిందే.

"ఏంది సారు, తోవ తప్పినవా?"

"నీ ట్రాన్స్‌ఫార్మర్ ఎట్ల కట్టినవో చెప్పు."

"ఇప్పేసినవ్ గదా. ఇప్పినోనికి తెల్వదా?"

"ఎన్ని చుట్లు? ఎన్ని రేకులు? లెక్కవెట్టకుండ ఇప్పిన."

చుట్ట నోట్లోంచి తీసి చేత్తో పట్టుకున్నాడు. నవ్వుతాడనుకున్నాను. నవ్వితే ఆ చుట్ట వాడి ముక్కులో కుక్కేద్దామనుకున్నాను.

"సారు, నేనేమన్న లెక్కవెట్టి కట్టిన్నా? తీగ ఉన్నకాడికి చుట్టిన. రేకులు దొరకలే, సగమే ఉండె. చెక్కముక్క వెట్టిన. గుయ్యిమంటుంటె నాకూ సిగ్గయింది. పది దినాలకు పోయి బాగు జేస్తనన్న. గా మదునవ్వనే వద్దన్నది. జర గట్లనే ఉండనియ్యి ఓదెలన్నా, మోత వణుకుతుంది, గా వణుకుడు మంచిగుంది అన్నది. నాకేం తెలుసు? సరే అన్న, గంతే."

"ఆమె చెప్తే ఊకున్నవా?"

"ఇనేది ఆమె గదా," అన్నాడు. "ఇనేదాన్ని అడుగకుండ ఎట్ల జేస్త?"

ఇన్నేళ్ళ నా కోపానికి వాడు అంత తేలికగా జవాబు చెప్పేశాడు. వాడికి ఆ మాట గొప్పదని కూడా తెలియదు, చుట్ట మళ్ళీ నోట్లో పెట్టుకున్నాడు. వాణ్ణి నేను ఇప్పటికీ క్షమించలేదు. అందుకు కారణం మాత్రం మారింది.

"నడువు," అన్నాను. "సుత్తి నేను వట్టుకుంట. బిగించేటోడు కావాలె."

114వ రోజు, మొదటి షిఫ్టు

తెల్లవారు షిఫ్టు గంట కొట్టగానే మొదలుపెట్టాం. ఆరుగురు ఆడవాళ్ళు బల్ల దగ్గర, ఓదెలూ నేనూ నేల మీద. యంత్రం నోరు తెరుచుకుని మధ్యలో.

ముందు నేను గర్వంగా పెట్టిన కండెన్సర్లు రెండూ పీకేశాను. కరెంటు ట్రాన్స్‌ఫార్మరుని మళ్ళీ పక్కకి జరిపాను. మోత వచ్చింది. మదునవ్వ విని తల అడ్డంగా ఊపింది.

"ఉన్నది గని, సచ్చిపోయిన లాలి ఇది. కదులుతలేదు."

రేకులు. సినిమా హాలు ట్రాన్స్‌ఫార్మరు రేకులు ఎక్కువ, మంచివి. ఎంత పోసినా చతికిలబడదు. వంటశాలకి వెళ్ళి, పుట్టగొడుగుల మళ్ళు గీకుతున్న ఆడవాళ్ళ చేతుల్లోంచి ఓదెలు పాత రేకులు వెనక్కి అడుక్కొచ్చాను. "ఇచ్చినయి అడుగుతరా సారూ?" అని ఒకామె మూతి తిప్పింది. అడుగుతాను. కొన్ని వంగాయి, కొన్నిటి మీద ఎరువు. కడిగి తుడిచి, వానల గుంపు తెచ్చిన రెండో ట్రాన్స్‌ఫార్మరు విప్పి, దాని మంచి రేకులు తీసేసి ఈ చెత్త దోపాం. ఓదెలు తన మంచం కోడు కొట్టి చెక్కముక్క చేశాడు.

"వణుకుతుంది," అంది మదునవ్వ. "గని గుసగుస లెక్కున్నది. ఏ గ్యాలరీదో తెలుస్తలేదు."

ఇక డ్రైవరు. నేను నలిపేసిన ట్యూబులాంటిది కావాలి. డబ్బాలోని ముప్పై ఒక్క ట్యూబుల్ని ఒక్కొక్కటే పెట్టి, గోటితో తట్టి, అన్నిటికంటే చెడ్డదాన్ని వెతికాను. జీవితమంతా ఎక్కువ మోగేదాన్ని పారేసి తక్కువ మోగేదాన్ని ఉంచుకున్నవాణ్ణి. పద్దెనిమిదోది కొద్దిగా మోగింది. ఇరవై ఆరోది తట్టగానే ఓదెలు ఎగిరిపడ్డాడు.

"గిదే! నా పిల్ల గిదే!"

"నోరు మూసుకో. వాళ్ళను ఇననియ్యి."

ఆరుగురూ కళ్ళు మూసుకుని ముక్కుతో రాగం తీశారు. వాళ్ళ శ్రుతి ఒకటి, యంత్రం శ్రుతి ఇంకొకటి. వాళ్ళకి గుర్తున్న లాలిని వాళ్ళు పాడుతుంటే, నేను చెక్కముక్కని సుత్తితో అంగుళంలో పదో వంతు లోపలికి, మళ్ళీ బయటికి కొడుతూ ఉన్నాను. ఓదెలు బోల్టు బిగిస్తూ, వదులుచేస్తూ ఉన్నాడు. ఎంతసేపో తెలియదు. ఒక దెబ్బకి యంత్రం మోత మెల్లగా వచ్చి వాళ్ళ గొంతుల మధ్య కూర్చుంది. ఏడో మనిషి వచ్చి కలిసినట్టు. ఆరుగురూ ఒకేసారి ఆపేశారు. అది పాడుతూనే ఉంది.

"ఆ," అంది మదునవ్వ. మీట తిప్పింది. ఒకటి. రెండు. మూడు. నాలుగు.

ఐదు దగ్గర ఆమె చెయ్యి ఆగింది. గొట్టాలు తీసి నాకు ఇవ్వలేదు, పోశంకి ఇవ్వలేదు. ఊరికే లేచి నిలబడింది.

"ఐదు లేపుండ్రి. సామాను ముట్టొద్దు. ఇప్పుడే."

ఆ ఒక్క మాట.

రెండు వందల పన్నెండు మందిని నలభై నిమిషాల్లో బయటికి తెచ్చారు. వద్దన్నా ఓదెలు లోపలికి వెళ్ళి టేకు తలుపు బందులు ఊడగొట్టి వీపున వేసుకుని వచ్చాడు. రెండున్నర గంటల తర్వాత ఐదో గ్యాలరీ కప్పు మొదటి నుంచి చివరి దాకా కూర్చుంది. దుమ్ము మా దాకా వచ్చింది. ఎవరూ పోలేదు.

116వ రోజు

ఎవరూ పోలేదని నిన్నటి నుంచి అందరూ నా చెయ్యి పట్టుకుని ఊపుతున్నారు. పోశం సభలో నా పేరు చెప్పాడు, మళ్ళీ చప్పట్లు. ఈ చప్పట్లు కొట్టే జాతిని నేను ఇక భరించలేను.

మదునవ్వ ఒక్కతే నిజం చెప్పింది, బయట నడవాలో, అందరూ వెళ్ళాక. "పదిహేను దినాల ముందుగాల ఇన్నుంటె కప్పు కింద ఊతానికి దిమ్మెలు నిలవెట్టుకుందుము సారూ. అప్పుడప్పుడే కదులుతుండె. గ్యాలరీ ఆగును."

ఆగేది. ఐదో గ్యాలరీతో పాటు మా పుట్టగొడుగుల మళ్ళలో సగం పోయాయి. అంటే ఈ ఏడు ప్రతి కంచంలోనూ సగం తక్కువ. ఆ రెండు వందల పన్నెండు మంది మిగతా గ్యాలరీల నడవాల్లో గోనెసంచులు కట్టుకుని కొత్త గాలిదారి తవ్వుతున్నారు. గాలి చాలక పాళీలుగా నిద్రపోతున్నారు. అదంతా నా మంచి ట్రాన్స్‌ఫార్మరు ఖాతాలో వేసి రాస్తున్నాను, ఇంకొకడెవడో తరువాత మెత్తగా రాయకముందే.

ముప్పై నాలుగు కాగితాలు ఇంకా నా దగ్గరే ఉన్నాయి. మళ్ళీ చూశాను. లెక్కలో ఒక్క తప్పు లేదు. అదే నా కోపం.

121వ రోజు

రెండో నంబరు ఫ్యానుకి గ్రీజు. పంపు తొమ్మిది గంటలు. కొత్త గాలిదారి నలభై అడుగులు.

మొదటి షిఫ్టు మొదలయ్యే వేళకి వినికిడి గదికి వెళ్ళాను. యంత్రం ఎలా ఉందో చూద్దామని, చెక్కముక్క జరిగిందేమోనని, వాళ్ళు లాలి కట్టేటప్పుడు ఒకసారి పక్కన కూర్చుని విందామని. ఇన్నేళ్ళలో ఎప్పుడూ కూర్చోలేదు. ఆడవాళ్ళు గొట్టాలు సర్దుకుంటున్నారు. యంత్రానికీ మదునవ్వకీ మధ్య ఒక స్టూలు ఖాళీగా ఉంటే దాని మీద కూర్చోబోయాను.

మదునవ్వ తల తిప్పకుండానే, వేలెత్తి గోడ చూపించింది. నా అక్షరాలు. ఆలోచించేది ఏదీ మధ్యలో ఉండకూడదని నేనే సున్నంతో దిద్దినవి.

"రాసింది మీరే గదా సారూ," అంది. "బయట కూసోండ్రి."

బయట కూర్చున్నాను. తలుపు సందులోంచి లాలి వినిపిస్తోంది. ఇప్పటికీ చెప్తున్నాను, ఆ ట్రాన్స్‌ఫార్మరు చెత్తది. దాన్ని ఎవడైనా బాగుచేయడానికి వస్తే ముందు నన్ను దాటుకుని పోవాలి.

వివరణ: ఏమీ లేదు.